ఊరి పేరు చివర ఏముంది?

మదనపల్లె పేరెలా వచ్చిందని అడిగితే మర్యాద రామన్న కథ చెబుతారు. ఆయన పేరిట వెలసిన ఊరే జనం నోట్లో అరిగి ఇలా అయిందట. కథ బాగానే ఉంది. కానీ ఊరి పేరును చివరి నుంచి చదవాలి. మొదట ఉండేది మనిషో, దేవుడో, చెట్టో. అక్కడ ఎవరి ఊహ వారిది. ఆ ఊరు ఏపాటిదో, ఎందుకు వెలిసిందో చివరి ముక్క చెబుతుంది.

పల్లె, కోట, పేట అందరికీ తెలిసినవే. పుంగనూరులోని ‘ఊరు’ తెలుగు, తమిళ, కన్నడాలు మూడింటిదీ. అది పట్టుకుని మా భాషదంటే మా భాషదని వాదించడం దండగ. కుప్పం అంటే గుడిసెల గుంపు, చిన్న పల్లె. చెన్నై నొచ్చికుప్పం పేరు విన్నవాళ్లు అది జాలర్ల వాడలకే చెల్లుతుందనుకుంటారు. కడలి జాడ లేని మన కుప్పం, పక్కనున్న రామకుప్పం కాదంటున్నాయి. కడలి లేకున్నా సముద్రాలకు కొదవ లేదు: రామసముద్రం, పెద్దతిప్పసముద్రం. పెద్ద చెరువును సముద్రమనడం పాత అలవాటు. మదనపల్లె దగ్గరి అంగళ్లుకైతే ఏ కథా అక్కర్లేదు.

వాయల్పాడుది వేరే సంగతి. ఇందులో ‘పాడు’ అంటే చెడినదని కాదు, ఊరనే పాత మాట. మండలం పేరు వాల్మీకిపురమైనా రైల్వేస్టేషన్ వాయల్పాడుగానే ఉంది. నాకు పాత పేరే ఇష్టం. ఏనుగు మల్లమ్మ కొండ అనే పేరు కూడా అలాగే మరుగున పడింది. 19వ శతాబ్దంలో కడప కలెక్టర్ హార్స్‌లీ అక్కడ ఇల్లు కట్టుకోవడంతో హార్స్‌లీ హిల్స్ అయింది. కడప కలెక్టర్ ఎందుకంటే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోదే.

ఐర్లాండులో ఇలాంటి పేర్ల మార్పు దేశమంతటా జరిగింది. 19వ శతాబ్దపు సర్వేలో ఐరిష్ పేర్లను ఇంగ్లిష్ పటాలకెక్కించారు. మన పల్లెలాంటి ‘బాల్య’ ‘బ్యాలీ’ అయింది. చర్చికీ అడవికీ ఉన్న వేర్వేరు మాటలు రెండూ ‘కిల్’ అయిపోయాయి. ఇప్పుడు పటం చూస్తే ఏది గుడో ఏది అడవో తేలదు. జాన్ ఓడొనొవన్ అనే పండితుడు ఆ సర్వే కోసమే ఊరూరా తిరిగి, స్థానికుల ఉచ్చారణ రాసిపెట్టాడు. పాత పేర్లు తేల్చడానికి ఆ రాతలే ఆధారమయ్యాయి.

మనవైపు కేతు విశ్వనాథరెడ్డి కడప ఊర్ల పేర్ల మీద పరిశోధన చేశారు. ఈలోగా పెద్దతిప్పసముద్రం పీటీఎం అయింది, వెంకటగిరికోట వి.కోట అయింది. బి.కొత్తకోటలో ‘బి’ అంటే బీరంగి అని ఎంతమంది పిల్లలకు తెలుసు? మీ ఊరి పేరును పెద్దవాళ్లు ఎలా పలుకుతారో, చెరువునూ గుట్టనూ పొలాన్నీ ఏమని పిలుస్తారో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి.