కొండపల్లి కొండలు - ఖనిజమూ, తెల్లపొణికీ

కొండపల్లి అనగానే మనకు ముందుగా జ్ఞాపకం వచ్చేవి బొమ్మలు. ఏనుగు అంబారీ, దశావతారాలు, తాడిచెట్టెక్కే గీతగాడు - ఇవి కొలువులో లేని దసరా మన జిల్లాలో ఉండదు. అయితే ఆ బొమ్మకు కొయ్యనిచ్చే చెట్టును చూసినవారు ఎంతమంది? ఆ చెట్టు నిలిచిన కొండలో ఏ ఖనిజం ఉన్నదో ఎరిగినవారు ఎంతమంది?

విజయవాడకు వాయవ్యంగా, మైలవరం, రెడ్డిగూడెం వైపుకు సాగిన మెట్టప్రాంతపు కొండలివి. పదునాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజులు ఇక్కడ దుర్గం కట్టారు. కాని కొండ వయస్సుతో పోలిస్తే దుర్గం నిన్నటిది. ఇక్కడి అగ్నిశిలలు సుమారు 160 కోట్ల సంవత్సరాల నాటివని శాస్త్రజ్ఞుల అంచనా. భూమి లోతులలో కరిగి ఉన్న శిలాద్రవం మెల్లమెల్లగా చల్లారినప్పుడు కొన్ని ఖనిజాలు ముందుగా స్ఫటికాలుగా ఏర్పడుతవి. వాటిలో బరువైనవి అడుగుకు దిగి పొరలు కడతవి. ఇనుము, క్రోమియం, ఆక్సిజను కలిసిన క్రోమైటు అట్లా ఏర్పడిన ఖనిజమే. దాని సాంద్రత నీటికంటె నాలుగున్నర రెట్లకు పైమాటే. తుప్పు పట్టని ఉక్కుకు కావలసిన క్రోమియం ఈ ఖనిజం నుంచే లభిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దంలో కొండపల్లి కొండలలో దీనిని తవ్వి తీశారు.

ఇక్కడికి సమీపాననే, నందిగామ వెళ్ళే దారిలో, పరిటాల ఉన్నది. ఒకనాడు అది వజ్రాల గనులకు పేరు మోసింది. 1766లో నిజాము ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించినప్పుడు పరిటాలను, దాని చుట్టుపట్ల కొన్ని గ్రామాలను వజ్రాల కొరకు తనవద్దనే ఉంచుకొన్నాడు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా అది నిజాము గ్రామమే! అయితే వజ్రం పరిటాల నేలలో పుట్టినది కాదు. దాదాపు 150 కిలోమీటర్ల లోతున, అపారమైన ఒత్తిడిలో, కర్బనం వజ్రంగా మారుతుంది. కింబర్లైటు, లాంప్రాయిటు వంటి శిలలు దానిని పైకి మోసుకొని వస్తవి. జగ్గయ్యపేట ప్రాంతంలో లాంప్రాయిటు శిలలు కనుగొనబడినవి. శిల శిథిలమైనప్పుడు వజ్రం అరగక మిగులుతుంది. మామూలు ఇసుక సాంద్రత సుమారు 2.65, వజ్రానిది 3.5. కాబట్టి ప్రవాహం ఇసుకను కొట్టుకొనిపోయినా వజ్రం గులకరాళ్ళ నడుమ చిక్కుకొంటుంది. పూర్వులు గోతులు తవ్వి, ఆ గులకను కడిగి వెదకినది ఇందువల్లనే.

ఖనిజాలు బరువు వలన అడుగున చేరగా, కొండ పైభాగాన దీనికి పూర్తిగా విరుద్ధమైన వస్తువొకటి పెరుగుతున్నది. అదే తెల్లపొణికి. శాస్త్రీయ నామం గివోషియా మొలుక్కానా. ఇది ఆముదపు కుటుంబానికి చెంది, ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్టు. ఆకు వెడల్పుగా, అడుగున తెల్లని నూగుతో ఉంటుంది. ఖనిజం ఉన్నచోటనే ఇది మొలుస్తుందని అనుకోరాదు. దక్షిణ భారతంలోను, సింహళంలోను మెట్ట కొండలపై ఇతరత్రా కూడా ఉన్నది.

దీని కొయ్య అంత తేలికగా ఎందుకున్నది? ఏ కొయ్యలోనైనా కణాల గోడల పదార్థం నీటికంటె బరువైనదే. దాని సాంద్రత సుమారు 1.5. గోడలు పలుచనై, కణాలలోపల ఖాళీ ఎక్కువైతే, ఆరిన తరువాత ఆ చోటంతా గాలి నిండుతుంది. పొణికి తేలికదనానికీ, ఉలికి సులభంగా లొంగే మెత్తదనానికీ ఇదే కారణం. బొమ్మల కళాకారులు కొయ్యను సెగకు ఆరబెట్టి చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలను అతుకుతారు.

ఇప్పుడు ఈ చెట్టు కొండపై అరుదైపోతున్నది. నరికినంత వేగంగా తిరిగి మొలవకపోవడమే చిక్కు. పొణికిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. చుట్టుపట్ల మగచెట్టు లేకపోతే ఆడచెట్టు కాయదు. కాచినా, గింజ పెంకు రాయివలె గట్టిది. నీరు లోపలికి దిగడం కష్టం, మొలకలు తక్కువ. కాబట్టి నాలుగు చెట్లు మిగిలినంత మాత్రాన జాతి నిలుస్తుందని ధైర్యపడరాదు. రెండు రకాలూ దగ్గరదగ్గరగా మిగలాలి.

గనికీ, అడవికీ ఉన్న భేదం ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. తీసిన క్రోమైటు మళ్ళీ ఊరదు. పరిటాల వజ్రం తిరిగి రాదు. పొణికి తిరిగి రాగలదు, మనం రానిస్తేనే. ఉపాధ్యాయులు అటవీశాఖవారి అనుమతితో పండిన గింజలను ఏరి తెప్పించి, పిల్లలచేత పెంకును కొద్దిగా ఆకురాయితో అరగదీయించి కొన్నింటిని, అరగదీయకుండా కొన్నింటిని నాటించి చూడవచ్చును. ఎన్ని మొలిచినవో, ఎన్ని రోజులకో పుస్తకంలో వ్రాయించాలి. ఆ లెక్క విద్యార్థికి వృక్షశాస్త్రంలో మంచి పాఠం. ఆ మొక్క కొండకు చెల్లించే చిన్న బాకీ.