చారిత్రక గృహాలకు అనుబంధ నిర్మాణం

చారిత్రక విలువ గల ఇంటికి, దాని రూపమూ పటిష్ఠతా చెడకుండా కొత్తగా చేర్చే గదిని, వసారాను లేదా అంతస్తును అనుబంధ నిర్మాణం అంటారు. 1964 నాటి వెనిస్ ఛార్టర్ ప్రకారం ఇటువంటి చేర్పు కట్టడంలోని ముఖ్య భాగాలను గాని, పరిసరాలతో దానికి గల పొందికను గాని భంగపరచరాదు.

విశాఖపట్నంలో

విశాఖపట్నం పాతనగరంలో సున్నంతో, పెంకు కప్పుతో కట్టిన పాత ఇళ్ళు ఉన్నాయి. పాత భవనాన్ని పడగొట్టకుండానే నేటి అవసరాలకు వాడుకోవచ్చుననడానికి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం ఒక ఉదాహరణ. ఇది 1991లో డచ్చి బంగళాలో ప్రారంభమైంది.

సమస్యలు

సున్నపు గోడ తేమను పీల్చి, తిరిగి బయటకు వదులుతుంది. దానిపై సిమెంటు పూత వేస్తే తేమ లోపలే నిలిచిపోతుంది. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఇటుకలో స్ఫటికాలుగా మారడం వలన ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. కాంక్రీటులోని ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బడంతో శ్లాబు పగులుతుంది. కనుక ఇల్లు బాగుచేయాలని తలపెట్టిన పనే ఇంటికి చేటు కావచ్చును.

పాటించవలసిన నియమాలు

* కొత్త భాగం వీధివైపు కాక పెరటివైపు ఉండాలి. దాని ఎత్తు పాత కప్పును మించరాదు.
* పాత గోడపై బరువు మోపక, వేరే పునాది వేయాలి. కొత్త పునాది కొంత కుంగుతుంది గనుక రెండు గోడల నడుమ సందు విడవాలి.
* కప్పు వాలు, కిటికీల కొలతలు పాతవాటికి దగ్గరగా ఉండాలి. అయినా కొత్తది కొత్తదేనని చూపరులకు తెలియాలి.
* మండువా ఉన్న ఇంట్లో దానిని మూసివేయరాదు. గాలి, వెలుతురు దాని ద్వారానే వస్తాయి.
* పెంకులను గట్టిగా బిగించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్దనే తీరం దాటింది.
* ఎప్పుడైనా కొత్త భాగాన్ని తొలగిస్తే పాత ఇల్లు యథాతథంగా మిగలాలి.