పార్కు గురించి అడిగితే పిల్లలు ఎందుకు తడబడతారు?



గత నెల ఏడో తరగతి పిల్లలకు స్పోకెన్ ఇంగ్లిష్ ఓరల్ టెస్ట్ పెట్టాం. అందులో ఒక ప్రశ్న చాలా తేలికైనది. ‘టెల్ మి అబౌట్ ఎ పార్క్ యు విజిటెడ్.’ మీరు వెళ్లిన ఒక పార్కు గురించి చెప్పండి, అంతే. ఒక బాబు ఎక్కడా ఆగకుండా చెప్పాడు: ‘ఎ పార్క్ ఈజ్ ఎ బ్యూటిఫుల్ ప్లేస్. దేర్ ఆర్ మెనీ ట్రీస్ అండ్ ఫ్లవర్స్. చిల్డ్రన్ ప్లే దేర్. వి ఎంజాయ్డ్ ఎ లాట్.’ తప్పు ఒక్కటీ లేదు. నేను మామూలుగా ‘హూ డిడ్ యు గో విత్?’ అన్నాను. ఎవరితో వెళ్లావని అడిగానంతే. బాబు ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

టెస్ట్ అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులోనే అడిగాను. అప్పుడు ఐదు నిమిషాలు చెప్పాడు. తాతయ్యతో రోజూ సాయంత్రం కాలనీ పార్కుకు వెళ్లేవాడట. తాతయ్య ఎన్ని రౌండ్లు నడిచాడో లెక్కపెట్టడం ఇతని పని. తాతయ్య ఒక రౌండు తగ్గించి చెబితే పట్టుకునేవాడట. ఇప్పుడు తాతయ్య ఊరికి వెళ్లిపోయారు, అందుకే తనూ పార్కుకు వెళ్లడం మానేశాడు. ‘ఇదే చెప్పొచ్చుగా నాన్నా’ అన్నాను. ‘ఇది ఆన్సరా మిస్?’ అన్నాడు.

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. తన జీవితంలో జరిగినది ఆన్సర్ కాదని, గైడులో ఉన్నదే ఆన్సర్ అని పిల్లవాడు అనుకుంటున్నాడు. అందులో మా టీచర్ల పాత్ర కూడా ఉంది. మార్కుల తొందరలో మేమే పేరాగ్రాఫులు రాయించాం. అందుకే ఈ నెల ఈ ఒక్క ప్రశ్న గురించే రాస్తున్నాను.

ఎగ్జామినర్ ఏం వింటారు?

ఇది స్కూలు టెస్టుతో అయిపోయే ప్రశ్న కాదు. మీ ఇంట్లో పెద్ద పిల్లలు విదేశాల్లో చదువుకోవాలని ఐఎల్టీఎస్ రాస్తుంటే వాళ్లకూ ఇలాంటి ప్రశ్న రావచ్చు. ఆ పరీక్షలో స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు. ఆలోచించుకోవడానికి 1 నిమిషం ఇస్తారు. తర్వాత 2 నిమిషాల వరకు మాట్లాడాలి. ఆ తర్వాత అదే విషయం మీద కొంచెం లోతైన ప్రశ్నలు వేస్తారు.

మార్కులు నాలుగు విషయాలకు సమానంగా ఇస్తారు. తడబడకుండా ఒక వరుసలో చెప్పడం, మాటల ఎంపిక, గ్రామర్, ఉచ్చారణ. మీరు చెప్పిన పార్కు ఎంత గొప్పది అన్నదానికి మార్కులు లేవు. వైజాగ్ బీచ్ పక్కనున్న వుడా పార్కు గురించి చెప్పినా, మీ వీధి చివర రెండు ఉయ్యాలలున్న మున్సిపల్ పార్కు గురించి చెప్పినా ఒకటే. మా స్కూలు ఓరల్ టెస్టుల్లోనూ మేం దాదాపు ఇవే చూస్తాం.

బట్టీ పట్టిన జవాబు తెలిసిపోతుంది. పిల్లవాడి గొంతు ఒకే రాగంలో సాగుతుంది, కళ్లు పైకప్పు వైపు చూస్తాయి. ఒక మాట మర్చిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఇక ఎదురు ప్రశ్న వస్తే ఏమవుతుందో పైన చూశారు.

జవాబుకు నాలుగు మెట్లు

పిల్లలకు పేరాగ్రాఫ్ ఇవ్వకండి. నాలుగు ప్రశ్నలు ఇవ్వండి. ఎక్కడికి, ఎప్పుడు వెళ్లావు? ఎవరితో వెళ్లావు? అక్కడ జరిగిన ఒక్క విషయం ఏమిటి? నీకు ఏమనిపించింది, ఎందుకు? వీటిలో మూడోది ప్రాణం లాంటిది. ‘దేర్ ఆర్ మెనీ ట్రీస్’ అన్ని పార్కులకూ సరిపోతుంది. కానీ జరిగిన విషయం మీ పిల్లవాడు ఒక్కడే చెప్పగలడు.

హైదరాబాద్ కేబీఆర్ పార్కుకు వెళ్లిన ఒక అమ్మాయి ఇలా చెప్పిందనుకుందాం:

‘లాస్ట్ సండే ఐ వెంట్ టు కేబీఆర్ పార్క్ విత్ మై ఫాదర్. వి వెంట్ ఎర్లీ బికాజ్ ఇట్ గెట్స్ హాట్ లేటర్. వెన్ వి వర్ వాకింగ్, ఎ పీకాక్ క్రాస్డ్ ది పాత్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ అస్. మై ఫాదర్ వాజ్ ఆన్ హిజ్ ఫోన్, బట్ హి స్టాప్డ్ టాకింగ్ అండ్ వి బోత్ స్టుడ్ స్టిల్. ఐ వాంట్ టు గో అగెయిన్, అండ్ నెక్స్ట్ టైమ్ ఐ విల్ టేక్ మై సిస్టర్.’

ఇందులో పెద్ద పెద్ద పదాలు ఒక్కటీ లేవు. కానీ ‘బికాజ్’తో కారణం ఉంది, ‘వెన్’తో రెండు పనులు కలిశాయి, ‘బట్’తో మలుపు ఉంది, చివర జరగబోయేది కూడా ఉంది. ఐదు వాక్యాల్లోనే భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలు మూడూ వచ్చాయి. గ్రామర్‌కు మార్కులు ఇచ్చేది ఇలాంటి చోటే. పైగా నెమలి గురించి ఏం అడిగినా ఆ అమ్మాయి చెప్పగలదు, ఎందుకంటే తను చూసింది.

మన తెలుగు నుంచి వచ్చే పొరపాట్లు

పిల్లలు చేసే తప్పుల్లో చాలావాటికి తెలుగులో కారణం దొరుకుతుంది. అది తెలిస్తే తిట్టకుండా సరిచేయవచ్చు.

‘నేను రోజూ పార్కుకు వెళ్తుంటాను’ అని మనసులో అనుకుని ‘ఐ యామ్ గోయింగ్ టు పార్క్ డైలీ’ అంటారు. అలవాటుగా చేసే పనికి ‘ఐ గో టు ది పార్క్ ఎవ్రీ డే’ అనాలి. ‘ది పార్క్ ఈజ్ హావింగ్ మెనీ ట్రీస్’ కాదు, ‘ది పార్క్ హాజ్ మెనీ ట్రీస్’ చాలు.

‘చిన్న చిన్న రాళ్లు’ మనకు అందంగా ఉంటుంది. ‘స్మాల్ స్మాల్ స్టోన్స్’ ఇంగ్లిష్‌లో కుదరదు, ఒక్క ‘స్మాల్’ సరిపోతుంది. తెలుగులో ‘ఎ, ది’ లాంటివి లేవు కాబట్టి పిల్లలు వాటిని వదిలేస్తారు. మొదటిసారి చెప్పేటప్పుడు ‘ఎ డాగ్’, మళ్లీ దాని గురించే చెప్పేటప్పుడు ‘ది డాగ్’ అని గుర్తు చేస్తే చాలు.

‘అమ్మ నాతో చెప్పింది’ అన్నదాన్ని ‘టోల్డ్ టు మి’ అంటారు. ‘టోల్డ్ మి’ సరైనది. ఇంకొకటి, తాతయ్యను గౌరవంగా ‘దే’ అనే పిల్లలు ఉన్నారు. ‘తాతయ్య వచ్చారు’ అనే అలవాటే అది. ఇంగ్లిష్‌లో ‘హి’ అంటే అమర్యాద కాదని వాళ్లకు ఒక్కసారి చెప్పండి.

ఉచ్చారణ

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే మనం పార్కు, బెంచీ, గేటు అంటాం. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు చివరి ‘ఉ’ తీసేసి ‘పార్క్, గేట్’ అనిపించండి. ‘వాక్’ అనేటప్పుడు పెదాలు గుండ్రంగా రావాలి, ‘విజిట్’ అనేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలాలి. మనకు రెండింటికీ ‘వ’ ఒక్కటే కాబట్టి ఇది అద్దం ముందు చేయించాలి. జూ అనే మాటలోని మొదటి శబ్దానికి మన లిపిలో అక్షరమే లేదు. తేనెటీగ శబ్దం చేయమంటే పిల్లలకు వెంటనే వస్తుంది.

ఫారిన్ యాస మాత్రం నేర్పించవద్దు. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు. ఎదుటివారికి స్పష్టంగా అర్థం కావడమే ముఖ్యం.

ఇంట్లో మీరు చేయగలిగింది

మొదటిది, ఈ ఆదివారం పిల్లలను నిజంగా పార్కుకు తీసుకెళ్లండి. హోంవర్కుల వల్ల, ట్యూషన్ల వల్ల పార్కు చూసి చాలా నెలలైన పిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు. చూడనిదాని గురించి ఏ భాషలోనూ చెప్పలేరు.

రెండోది, ఇంటికి వచ్చాక ముందు తెలుగులో చెప్పమనండి. ఇంగ్లిష్ రాని అమ్మమ్మ గారు అయినా ఈ పని చేయగలరు. ‘తర్వాత ఏమైంది?’ అని అడుగుతూ ఉంటే చాలు. విషయం మనసులో వరుసగా కూర్చున్నాక అదే ఇంగ్లిష్‌లో చెప్పించండి. జారుడుబల్లకు ‘స్లైడ్’, ఉయ్యాలకు ‘స్వింగ్’ లాంటి నాలుగైదు మాటలు ముందే అందించండి. కానుగ చెట్టుకు ఇంగ్లిష్ పేరు తెలియకపోతే ‘ఎ ట్రీ దట్ గివ్స్ గుడ్ షేడ్’ అని వివరించడం నేర్పండి. మాట తెలియనప్పుడు ఆగిపోకుండా ఇలా చెప్పడం కూడా ఒక నైపుణ్యమే.

మూడోది, మధ్యలో సరిచేయకండి. ఫోన్‌లో రికార్డు చేసి, పూర్తయ్యాక కలిసి వినండి. తప్పులు చాలావరకు వాళ్లే పట్టుకుంటారు. రోజుకు ఒక్క తప్పు సరిచేస్తే సరిపోతుంది.

నాలుగోది, పెద్ద తరగతుల పిల్లలను అభిప్రాయం కూడా అడగండి. ‘సిటీకి పార్కులు ఎందుకు కావాలి?’ అంటే ఒక కారణం, దానికి తను చూసిన ఒక ఉదాహరణ చెప్పాలి.

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలోనే చదివాను. బీఈడీలో మొదటిసారి ఇంగ్లిష్‌లో పాఠం చెప్పేటప్పుడు రాసుకున్న కాగితం చేతిలో వణికింది. ఆ కాగితం పక్కన పెట్టి మా ఊరి చెరువు గురించి చెప్పిన రోజున నాకు మాట వచ్చింది. అందుకే ఆ బాబు భయం నాకు అర్థమైంది.

పోయిన వారం అదే ప్రశ్న మళ్లీ అడిగాను. ‘మై గ్రాండ్‌ఫాదర్ ఆల్వేస్ సెడ్ ఫైవ్ రౌండ్స్, బట్ ఐ కౌంటెడ్. ఇట్ వాజ్ సిక్స్’ అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు, ఒక చోట గ్రామర్ తప్పింది. అయినా అంతకుముందు కంటే ఎక్కువ మార్కులే వేశాను. ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి తాతయ్యకు ఆ ఆన్సర్ మొత్తం వినిపించాడట.

మీ పిల్లల దగ్గర కూడా ఇలాంటి ఆన్సర్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం అడిగి చూడండి.

— మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్