యూనిట్ 7: లోహపు స్పూల్ వాల్వు – నిర్మాణం, పని తీరు, సంరక్షణ

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు:
- స్పూల్ వాల్వు నిర్మాణాన్ని, 5/2 వాల్వులో గాలి దారి మారే తీరును వివరించగలుగుతారు.
- రబ్బరు సీలు లేకుండానే లోహపు స్పూల్ గాలిని ఎలా ఆపగలుగుతుందో చెప్పగలుగుతారు.
- సంపీడిత గాలిలో చేరే నీటి పరిమాణాన్ని లెక్కించగలుగుతారు.
- స్పూల్ బిగుసుకుపోవడానికి కారణాలను, మరమ్మతులో పాటించాల్సిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

ఉద్దానం తోటల్లో, అంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో పండే జీడి పిక్కలు పలాస–కాశీబుగ్గ కర్మాగారాలకు చేరతాయి. అక్కడ పిక్కలను ఉడికించి, ఒలిచి, పప్పును ఆరబెట్టి, పొర తీసి, సైజుల వారీగా వేరు చేస్తారు. ఈ పనుల్లో కొన్ని చేతితో జరుగుతాయి, కొన్నింటికి యంత్రాలు వచ్చాయి. పప్పు పొర ఊడగొట్టే యంత్రానికీ, రంగును బట్టి పప్పును వేరు చేసే యంత్రానికీ, ప్యాకెట్ల మూతి అతికించే యంత్రానికీ కంప్రెసర్ గాలి కావాలి.

ప్యాకెట్ యంత్రాన్నే తీసుకుందాం. ప్యాకెట్ మూతిని రెండు వేడి దవడలు నొక్కి అతికిస్తాయి. దవడను ముందుకు, వెనక్కు నడిపేది గాలి సిలిండర్. ఆ సిలిండర్‌కు ఏ క్షణంలో ఏ వైపు నుంచి గాలి అందాలో నిర్ణయించేది దిశా నియంత్రణ వాల్వు. ఈ వాల్వుల్లో ఎక్కువగా వాడే రకం స్పూల్ వాల్వు.

దవడ బలం ఎంతో మొదట చూద్దాం. సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, గాలి పీడనం 6 బార్ అనుకుంటే, పిస్టన్ వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. పిస్టన్ మీద పడే బలం దాదాపు 1,180 న్యూటన్లు, అంటే 120 కిలోల బరువుకు సమానం. ఇంత బలాన్ని వేలెడంత లోహపు కడ్డీ అదుపు చేస్తుంది. అది ఉండవలసిన చోట ఉండకపోతే ఆ 120 కిలోలు ప్యాకెట్ మీద కాక మనిషి చేతి మీద పడవచ్చు.

7.2 నిర్మాణం

స్పూల్ అంటే కండె. నూలు కండెకు రెండు చివరలా లావు, నడుమ సన్నం ఉన్నట్టే, వాల్వు స్పూల్‌లోనూ లావు భాగాలు, సన్నని భాగాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. లావు భాగాలను ల్యాండ్‌లు అంటారు. ఇవి ద్వారాలను మూస్తాయి. వాటి మధ్య ఉన్న సన్నని భాగం చుట్టూ గాలి ప్రవహిస్తుంది.

స్పూల్ ఒక గొట్టంలో జారుతుంది. ఈ గొట్టం పేరు స్లీవ్. స్లీవ్ గోడకు రంధ్రాలు ఉంటాయి. అవి వాల్వు బయటి ద్వారాలతో కలుస్తాయి. లోహపు స్పూల్ వాల్వుల్లో సాధారణంగా ఈ రెండింటినీ గట్టిపరచిన స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసి, గ్రైండింగ్, హోనింగ్, ల్యాపింగ్ వంటి పద్ధతుల్లో నునుపు చేస్తారు. రెండింటికీ ఒకే రకం లోహం వాడటానికి కారణం ఉంది. 10 మిల్లీమీటర్ల స్పూల్‌ను అల్యూమినియంతో, స్లీవ్‌ను స్టీలుతో చేస్తే, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగినప్పుడు రెండింటి వ్యాసాల పెరుగుదలలో దాదాపు 5 మైక్రోమీటర్ల తేడా వస్తుంది. ఆ తేడాతోనే వాటి మధ్య ఖాళీ చాలావరకు పూడిపోతుంది.

7.3 గాలి దారి మారే తీరు

5/2 అనే పేరులో మొదటి అంకె ద్వారాల సంఖ్య, రెండోది స్పూల్ నిలిచే స్థానాల సంఖ్య. ద్వారాలకు ఐ.ఎస్.ఓ. పద్ధతిలో అంకెలు ఇస్తారు. 1 గాలి వచ్చే ద్వారం. 2, 4 సిలిండర్‌కు వెళ్లేవి. 3, 5 వాడిన గాలి బయటకు పోయేవి.

మొదటి స్థానంలో 1 నుంచి 4కు గాలి వెళుతుంది. దవడ ముందుకు వస్తుంది. సిలిండర్ అవతలి వైపు ఉన్న గాలి 2 ద్వారా వచ్చి 3 గుండా బయటకు పోతుంది. అప్పుడు 5 మూసి ఉంటుంది. స్పూల్ కొన్ని మిల్లీమీటర్లు జరిగి రెండో స్థానానికి వస్తే 1 నుంచి 2కు గాలి వెళుతుంది, 4లోని గాలి 5 గుండా పోతుంది, 3 మూసుకుంటుంది. దవడ వెనక్కు వెళుతుంది. ఈ రెండు స్థానాల పటాలను మీరే గీసి చూడండి.

7.4 స్పూల్‌ను కదిలించే బలం

గాలి పీడనానికి ఎదురుగా తలుపు తెరవాలంటే చాలా బలం కావాలి. మూత తరహా వాల్వులో జరిగేది ఇదే. స్పూల్‌లో అలా కాదు. పక్కపక్కనున్న రెండు ల్యాండ్‌ల మధ్య ఉన్న గాలి ఒక ల్యాండ్‌ను ఎడమకు ఎంత బలంతో నెడుతుందో, మరో ల్యాండ్‌ను కుడికి అంతే బలంతో నెడుతుంది. రెండూ రద్దవుతాయి. అందువల్ల పీడనం 2 బార్ అయినా 7 బార్ అయినా స్పూల్‌ను జరపడానికి కావలసిన బలం పెద్దగా మారదు.

ఆ కొద్ది బలాన్ని చాలా వాల్వుల్లో పైలట్ గాలి ఇస్తుంది. విద్యుత్ కాయిల్ ఒక చిన్న రంధ్రాన్ని తెరుస్తుంది. దాని గుండా వచ్చిన గాలి స్పూల్ చివర ఉన్న చిన్న పిస్టన్‌ను నెడుతుంది.

ఒకే కాయిల్ ఉన్న వాల్వులో విద్యుత్తు ఆగితే స్ప్రింగ్ స్పూల్‌ను వెనక్కు తెస్తుంది. రెండు కాయిల్స్ ఉన్న వాల్వులో విద్యుత్తు ఆగినా స్పూల్ చివరిగా ఉన్న స్థానంలోనే ఉండిపోతుంది. లోహపు స్పూల్‌కు రాపిడి తక్కువ. అందుచేత ఈ రెండో రకాన్ని నిలువుగా బిగిస్తే అదురుకు స్పూల్ తనంత తానే జారవచ్చు. దీనిని స్పూల్ అడ్డంగా ఉండేలా బిగించాలి.

7.5 రబ్బరు లేకుండా గాలి ఆగేదెలా?

కొన్ని స్పూళ్లకు రబ్బరు రింగులు ఉంటాయి. అవి గాలిని బాగా ఆపుతాయి, కానీ రాపిడి ఎక్కువ. యంత్రం కొన్ని రోజులు ఆగి ఉంటే రబ్బరు గోడకు అంటుకుని, మొదటి కదలిక ఆలస్యమవుతుంది. లోహపు స్పూల్‌కు ఈ ఇబ్బంది లేదు. అది గాలిని ఇరుకుతోనే ఆపుతుంది.

స్పూల్‌కు, స్లీవ్‌కు మధ్య ఒక్కో పక్క ఖాళీ సాధారణంగా 2 నుంచి 5 మైక్రోమీటర్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు. ఇంత ఇరుకైన సందులో గాలి స్నిగ్ధత వల్ల ప్రవాహం చాలా నెమ్మదిస్తుంది. సందులో కారే గాలి పరిమాణం ఖాళీ యొక్క ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే ఖాళీ రెట్టింపైతే కారుడు ఎనిమిది రెట్లు అవుతుంది.

ఉదాహరణ: స్పూల్ వ్యాసం 10 మి.మీ., మూసే పొడవు 3 మి.మీ., పీడనం 6 బార్, స్పూల్ సరిగ్గా మధ్యలో ఉందనుకుందాం. ఖాళీ 3 మైక్రోమీటర్లయితే కారుడు నిమిషానికి సుమారు 0.2 లీటరు. ఖాళీ 6 మైక్రోమీటర్లయితే సుమారు 1.5 లీటర్లు.

ఇందువల్లనే స్పూల్, స్లీవ్ ఒక జత. ఒక వాల్వు స్పూల్‌ను మరో వాల్వు స్లీవ్‌లో వేయరాదు. గరుకు కాగితంతో రుద్దరాదు. గీత కనిపించేంతగా రుద్దితే మైక్రోమీటర్లు పోయినట్టే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఖాళీ 2 నుంచి 4 మైక్రోమీటర్లకు పెరిగితే కారుడు ఎన్ని రెట్లవుతుంది? 2 నుంచి 5కు పెరిగితే?

7.6 నీరు, పొట్టు, జిగట

వెంట్రుకలో ఇరవయ్యో వంతు ఖాళీలో కదిలే వస్తువుకు గాలి శుభ్రత ప్రాణం వంటిది. సముద్రతీరంలో మొదటి శత్రువు తేమ.

30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టగలదు. సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉన్న రోజు అందులో 24 గ్రాములు ఉంటాయి. కంప్రెసర్ ఇటువంటి 7 ఘనమీటర్ల గాలిని ఒక ఘనమీటరుకు కుదిస్తుందనుకుందాం. లోపలికి వచ్చిన ఆవిరి 168 గ్రాములు. గాలి తిరిగి 30 డిగ్రీలకు చల్లారితే అందులో నిలిచేది 30 గ్రాములే. మిగిలిన 138 గ్రాములు నీరవుతాయి. అంటే కంప్రెసర్ పీల్చిన ప్రతి ఘనమీటరుకు దాదాపు 20 గ్రాములు.

నిమిషానికి 500 లీటర్లు పీల్చే చిన్న కంప్రెసర్ 8 గంటలు ఆగకుండా నడిస్తే 240 ఘనమీటర్లు పీలుస్తుంది. నీరు సుమారు 4.7 లీటర్లు, అంటే దాదాపు పావు బిందె. ట్యాంకు అడుగున డ్రెయిన్ తెరవకపోతే ఈ నీరు పైపుల్లోకి, వాల్వుల్లోకి చేరుతుంది. వేడి గాలి ట్యాంకులో పూర్తిగా చల్లారకపోతే, మిగిలిన ఆవిరి పైపుల్లోనే నీరవుతుంది.

రెండో శత్రువు ధూళి. పైపు లోపలి తుప్పు గాలితో పాటు వస్తుంది. కర్మాగారంలోని పొట్టు ధూళి మరో దారిన వస్తుంది. అది 3, 5 ద్వారాల నుంచి దూరుతుంది. చప్పుడు తగ్గించే సైలెన్సర్‌ను తీసేసి ఈ ద్వారాలను బోసిగా వదిలితే ధూళికి తలుపు తెరిచినట్టే. మూడో శత్రువు జిగట. కంప్రెసర్ నూనె వేడికి చెడి, పలుచని పొరలా స్పూల్‌కు పడుతుంది. నీరు, ధూళి, నూనె కలిస్తే స్పూల్ మొదట మందగించి, తరువాత బిగుసుకుపోతుంది.

స్పూల్‌ను నేరుగా కాయిలే నడిపే ఏ.సి. వాల్వుల్లో మరో నష్టం ఉంది. స్పూల్ మధ్యలో ఆగితే కాయిల్ లోపలి ఇనుప కడ్డీ పూర్తిగా చేరదు. ప్రారంభపు అధిక విద్యుత్ ప్రవాహం తగ్గక కాయిల్ కాలిపోతుంది. కొత్త కాయిల్ వేస్తే అదీ కాలుతుంది. కాలింది కాయిల్ అయినా కారణం నీరు కావచ్చు.

పాటించవలసినవి:
- ట్యాంకు నీటిని రోజూ వదలాలి.
- ప్రధాన పైపును వాలుగా వేసి, కొసన నీరు వదిలే కుళాయి పెట్టాలి. యంత్రానికి వెళ్లే శాఖను ప్రధాన పైపు పైభాగం నుంచి తీయాలి.
- వీలైతే శీతల డ్రయ్యర్ వాడాలి.
- 5 మైక్రోమీటర్ల ఫిల్టర్ తరువాత, లోహపు స్పూళ్లకు నూనె తుంపరలను ఆపే సూక్ష్మ ఫిల్టర్ కూడా పెట్టాలి. ఖాళీ అంత పరిమాణం గల కణాలే ఎక్కువ హాని చేస్తాయి, వాటిని మొదటి ఫిల్టర్ వదిలేస్తుంది.

7.7 యంత్రంలో చేయి పెట్టేముందు

స్విచ్ ఆపితే యంత్రం ఆగిందని చాలామంది అనుకుంటారు. గాలి యంత్రం విషయంలో అది నిజం కాదు. విద్యుత్తు పోయినా సిలిండర్‌లో, పైపుల్లో పీడనం ఉంటుంది.

దవడలో ప్యాకెట్ ఇరుక్కుందనుకుందాం. కార్మికురాలు స్విచ్ ఆపింది. వాల్వు రెండు కాయిల్స్‌ది అయితే స్పూల్ ఉన్నచోటే ఉంటుంది. స్ప్రింగ్ వాల్వు అయినా స్పూల్ బిగుసుకుని ఉంటే స్ప్రింగ్ దానిని కదపలేదు. ఆమె ప్యాకెట్‌ను లాగుతున్నప్పుడు చిన్న అదురుకు స్పూల్ విడిపోవచ్చు. అప్పుడు దవడ ఒక్కసారిగా కదులుతుంది. వాల్వు మీద ఉన్న చేతి మీటను ఎవరైనా స్క్రూడ్రైవరుతో నొక్కినా ఇదే ప్రమాదం.

కాబట్టి వరుస ఇది: స్విచ్ ఆపాలి. గాలి సరఫరాను మూసి, లోపలి గాలిని బయటకు వదిలే వాల్వును తిప్పి తాళం వేయాలి. పీడన మాపకం సున్నా చూపుతున్నదో లేదో చూడాలి. మధ్యస్థానంలో అన్ని ద్వారాలూ మూసుకునే 5/3 వాల్వు ఉంటే సిలిండర్‌లో గాలి చిక్కుకుని ఉంటుంది, మాపకానికి అది తెలియదు. దానిని విడిగా వదలాలి. నిలువు సిలిండర్ బరువును మోస్తుంటే, గాలి వదలడానికి ముందే కింద ఆధారం పెట్టాలి. ఆ తరువాతే చేయి పెట్టాలి.

7.8 సారాంశం

స్పూల్ వాల్వు సన్నని భాగాల చుట్టూ గాలిని పోనిచ్చి, ల్యాండ్‌లతో ఆపుతుంది. పీడన బలాలు రద్దవడం వల్ల కొద్ది బలంతో కదులుతుంది. లోహపు స్పూల్ గాలిని ఆపేది కొన్ని మైక్రోమీటర్ల ఇరుకుతోనే. ఆ ఇరుకు వల్లే దానికి వేగం, మన్నిక వచ్చాయి. ఆ ఇరుకు వల్లే నీరు, ధూళి, జిగట దానిని సులభంగా పట్టేస్తాయి. వాల్వు ఆయుష్షు వాల్వు ధర కన్నా దానికి అందే గాలి మీద ఎక్కువ ఆధారపడుతుంది.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. 5/2 వాల్వు రెండు స్థానాల్లో గాలి దారులను పటాల సహాయంతో వివరించండి.
2. లోహపు స్పూల్‌ను, రబ్బరు సీలు గల స్పూల్‌ను పోల్చండి.
3. ఆర్ద్రత 90 శాతం, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉన్న రోజు 7.6లోని కంప్రెసర్ 8 గంటల్లో ఎంత నీరు చేరుస్తుందో లెక్కించండి.
4. మీకు దగ్గరలోని జీడి, కొబ్బరి పీచు లేదా ఇతర కర్మాగారంలో కంప్రెసర్ ట్యాంకు నీటిని ఎన్నాళ్లకోసారి వదులుతారో అడిగి తెలుసుకుని, ఒక పేజీ నివేదిక రాయండి.

మీ ప్రగతి – 1కి జవాబు: 8 రెట్లు, సుమారు 15.6 రెట్లు.