ఆయాసం ఎక్కడి నుంచి వస్తుంది?

కుటుంబ దర్శనాలకు వెళ్లినప్పుడు మాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అయ్యగారూ, ఈ మధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేస్తోందండీ." వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు "ఏముంది, ఉబ్బసం. వాళ్ల నాన్నకీ ఉండేది" అని తేల్చేస్తారు. ఉబ్బసమే కావచ్చు. కాని రొప్పు ఊపిరితిత్తుల్లో కనిపించినంత మాత్రాన జబ్బు అక్కడే ఉందనుకోకూడదు. గుండె, రక్తనాళాలు, ఊపిరితిత్తులు మూడూ కలిసి చేసే పని ఒక్కటే. ఒకచోట దారి మూసుకుంటే బాధ ఇంకొకచోట తెలుస్తుంది. ఇది తెలియక ఆలస్యం చేసుకున్న ఇళ్లను చూశాము గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా దువ్వాడ స్టేషనులో నిలబడితే ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. చెన్నై నుంచి హౌరా వైపు పోయే బండ్లు కొన్ని విశాఖపట్నం స్టేషనుకు వెళ్లి, అక్కడ రెండో కొసకు ఇంజను తగిలించుకొని, వెనక్కి మళ్లి ముందుకు సాగుతాయి. మరికొన్ని విశాఖపట్నం పోకుండా దువ్వాడలోనే ఆగి, అటు నుంచి అటే కొత్తవలస వైపు వెళ్లిపోతాయి. పుట్టిన తర్వాత మన రక్తానికి ఈ రెండో సౌకర్యం లేదు. ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తం ఊపిరితిత్తులకు పోవాలి, అక్కడ బొగ్గుపులుసు వాయువును దింపి ప్రాణవాయువును ఎక్కించుకోవాలి, మళ్లీ గుండెకే తిరిగిరావాలి. ఆ తర్వాతే ఒంట్లోకి ప్రయాణం.

అందుకే గుండె ఒక్కటే అయినా లోపల రెండు వాటాల ఇల్లు. మధ్యలో గట్టి గోడ. ఒక్కో వాటాలో పైన ఒక గది, కింద ఒక గది. ఒళ్లు తిరిగి వచ్చిన రక్తం కుడి వాటాలోకి వస్తుంది. కుడి వాటా దాన్ని ఊపిరితిత్తులకు నెడుతుంది. శుభ్రపడి వచ్చిన రక్తం ఎడమ వాటాలో దిగుతుంది. ఎడమ వాటా దాన్ని తల నుంచి కాలి బొటనవేలి దాకా పంపుతుంది. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి, పైగా సున్నితమైనవి. కాబట్టి కుడివైపు ఒత్తిడి 25 దగ్గర ఉంటే చాలు. ఎడమవైపు 120 దాకా కావాలి. డాక్టరు గారు చేతికి పట్టీ చుట్టి చూసే బి.పి. ఈ ఎడమవైపుదే. ఈ వాటాలకు నాలుగు తలుపులున్నాయి. వాటిని కవాటాలంటారు. అవి ఒకవైపుకే తెరుచుకుంటాయి.

గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వస్తుంది. నిమిషానికి 72 సార్లనుకుంటే 5 లీటర్లు, రోజుకు 7 వేల లీటర్ల పైన. బోరింగు దగ్గర నీళ్లు మోసే అక్కచెల్లెళ్లు లెక్క వేసుకోవచ్చు. 15 లీటర్ల బిందెలైతే 450కి పైగా!

ఇందులో మమ్మల్ని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఆ మొత్తం కాదు, రెండు వాటాల మధ్య సమానత్వం. కుడివైపు ఎంత పంపితే ఎడమవైపు అంతే పంపాలి. దెబ్బకు ఒక్క మిల్లీలీటరు తేడా అలాగే కొనసాగితే, గంట తిరిగేసరికి 4 లీటర్లకు పైగా రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచిపోవాలి. అలా జరగకుండా, ఎక్కువ రక్తం వచ్చిన గది ఎక్కువ సాగి, అంత గట్టిగానూ ముడుచుకుంటుంది. ఎవరూ చెప్పనక్కరలేదు.

ఊపిరితిత్తుల్లో గాలి చేరే చోట్లు సన్నని బుడగల్లాంటి గూళ్లు. అవి 30 కోట్లకు పైగా ఉంటాయి. అన్నింటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక మోస్తరు ఇంటి నేలంత. ప్రతి గూటి చుట్టూ వెంట్రుక కంటే ఎంతో సన్నని నాళాలు అల్లుకొని ఉంటాయి. వాటిలో ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనుక ఒకటిగా వెళతాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కో కణానికి అక్కడ దొరికే సమయం ముప్పావు సెకను. ఆ లోపే సరుకు మార్పిడి జరిగిపోతుంది.

ఈ దారిని మనుషులు కనిపెట్టిన కథ కూడా చిన్నది కాదు. 13వ శతాబ్దంలో కైరోలో వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్, గుండె మధ్యగోడలో రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమవైపుకు వస్తుందని వ్రాశాడు. ఐరోపాలో ఆ మాట అచ్చయినది 1553లో, అదీ ఒక వేదాంత గ్రంథంలో! వ్రాసినవాడు మైఖేల్ సెర్వెటస్. అదే ఏడు అక్టోబరు 27న జెనీవాలో అతన్ని సజీవంగా దహనం చేశారు. ఆ శిక్ష త్రిత్వాన్ని గురించిన వ్రాతలకే గాని, రక్తాన్ని గురించి కాదు. మేము సంఘ చరిత్ర పాఠాల్లో సెర్వెటస్ పేరు చదివాము గాని, ఊపిరితిత్తుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. తర్వాత 1628లో ఇంగ్లండులో విలియం హార్వే రక్తం ఒళ్లంతా చుట్టి వస్తుందని నిరూపించాడు. 1661లో ఇటలీలో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిలో ఆ సన్నని నాళాలను సూక్ష్మదర్శినితో చూశాడు.

పుట్టిన తర్వాత అని పైన ఎందుకన్నామంటే, తల్లి కడుపులోని బిడ్డ గాలి పీల్చదు. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. కాబట్టి ఆ తొమ్మిది నెలలూ రక్తంలో ఎక్కువ భాగం ఊపిరితిత్తులను తప్పించుకొని పోవడానికి గుండెలోనూ, గుండె బయటి పెద్ద నాళాల మధ్యా అడ్డదారులుంటాయి. మన దువ్వాడ బండ్ల సంగతే! బిడ్డ మొదటి కేక వేసి ఊపిరి తీసుకోగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, రక్తం అటు పరుగెత్తుతుంది, అడ్డదారులు మూసుకోవడం మొదలవుతుంది. కొందరు బిడ్డల్లో అవి మూసుకోవు. గుండెలో రంధ్రమని మనం అనే జబ్బుల్లో కొన్ని అలా వచ్చినవే. పాలు తాగుతూ తాగుతూ ఆగి రొప్పే బిడ్డను, చెమటలు పట్టే బిడ్డను, పెదవులు నీలమయ్యే బిడ్డను దిష్టి తీసి ఊరుకోకండి.

ఇక కవాటాల సంగతి. మేమెరిగిన ఒక కుటుంబంలో కోడలు రెండవ కాన్పుకు ఏడో నెలలో ఉంది. పడుకుంటే ఊపిరాడదు. రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చునేది. బిడ్డ బరువు అన్నారు పెద్దలు. పాదాల వాపు, దగ్గులో గులాబీ రంగు చూసిన నర్సమ్మ గారు పట్టుబట్టి పట్నం పంపించారు. అక్కడ తేలింది, ఎడమ వాటాలో పై గదికీ కింది గదికీ మధ్యనున్న కవాటం సన్నబడిపోయిందని. తలుపు ఓరగా తెరుచుకుంటే రక్తం వెనక్కి ఎగదన్ని ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, నీరు గాలి గూళ్లలోకి ఊరుతుంది. గర్భిణికి రక్తం 40 శాతానికి పైగా పెరుగుతుంది గనుక, అంతవరకు దాగిన జబ్బు అప్పుడు బయటపడుతుంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూను పంపి ఆ కవాటాన్ని విప్పారు. తల్లీ బిడ్డా క్షేమం.

డాక్టరు గారు అడిగితే వాళ్లమ్మకు గుర్తొచ్చింది. పదేళ్ల వయసులో పిల్లకు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది, అది పోయి మోచేయి వాచింది. ఎదిగే పిల్లల నొప్పులనుకున్నారు. కాదు, అది కీళ్లవాత జ్వరం. గొంతులో చేరిన ఒక రకం క్రిములపై పోరాడే శరీరబలం పొరపాటున సొంత కీళ్లనూ, గుండె కవాటాలనూ దెబ్బతీస్తుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. కీళ్లు బాగుపడతాయి గాని కవాటానికి మచ్చ మిగిలిపోవచ్చు. గొంతు నొప్పి నాడే సరైన మందు పూర్తిగా వాడితే ఈ జ్వరం రాకుండా ఆపవచ్చు. ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ ఇంజక్షను ఏళ్ల తరబడి చేయించాలి. జ్వరం లేదు కదా అని మధ్యలో మానిపించే తల్లిదండ్రులతో మాకు వాదనలవుతూనే ఉంటాయి. ఆపరేషనుకు డబ్బెక్కడిదని జడిసేవారు, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024లో ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం గురించి ఆసుపత్రిలో అడగాలి.

మూడు అవయవాలూ బాగానే ఉండి మనిషి పోయే సందర్భం కూడా ఉంది. దాని పేరు మా వైపు ఉక్కు కార్మికుల ఇళ్లలో అందరికీ తెలుసు: సి.ఓ. గ్యాసు, అనగా కార్బన్ మోనాక్సైడు. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న కొలిమిలున్నాయి. ఇలాంటి కొలిమి నుంచి వచ్చే గ్యాసులో సుమారు ఐదో వంతు ఇదే. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, బండ్లు కదులుతూనే ఉంటాయి, సీట్లు మాత్రం వేరేవాడు ఆక్రమించాడు. 2014 జూన్‌లో భిలాయిలో ఆరుగురు, 2021 జనవరిలో రూర్కెలాలో నలుగురు ఉక్కు కర్మాగారాల్లో ఇలాంటి గ్యాసుకే బలయ్యారు.

ఇది కర్మాగారం గోడల లోపలి విషయమే అనుకోవద్దు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే అదే వాయువు. బాలింతకు వెచ్చదనమని మంచం కింద కుంపటి పెట్టి తలుపులు బిగించే అలవాటు మన పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. చలికాలంలో లంబసింగి, అరకు వైపు వెళ్లి గదిలో నిప్పులు పెట్టుకొని పడుకోవడమూ అంతే ప్రమాదం. తలనొప్పి, వాంతులు, మత్తు, ఇవే గుర్తులు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గితే కుంపటినే అనుమానించాలి. అలాంటి గదిలో ఎవరైనా పడిపోయి ఉంటే, తలుపులు, కిటికీలు తెరిచి, మీరు అక్కడ ఆగకుండా మనిషిని ఆరుబయటికి లాగి, 108కి ఫోను చేయండి. మామూలు గాలిలో ఈ విషం సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. కరోనా రోజుల్లో మనమందరం వేలికి తగిలించుకున్న చిన్న యంత్రం ఇక్కడ మోసం చేస్తుంది. ఎర్రగా ఉన్న రక్తమంతా మంచిదేనని 98 చూపిస్తుంది. అందుకని అంబులెన్సు వాళ్లతోనూ, డాక్టరు గారితోనూ మొట్టమొదట చెప్పవలసిన మాట "గదిలో కుంపటి ఉందండీ" అని.