పాత పని నమూనాలు, క్లయింట్ గుట్టు: అపోహలు – వాస్తవాలు

డిజైనర్ కానివ్వండి, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, అనువాదకుడు, అకౌంటెంట్ ఎవరైనా కానివ్వండి, ఉద్యోగం మారేటప్పుడు ఇంటర్వ్యూలో ఎదురయ్యే మాట ఒకటే: “మీరు చేసిన పని ఏదైనా చూపించండి.” చేసిన పనంతా క్లయింట్లది. ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఆ ఫైళ్లను పంపేసేవారి చేత ఆ పని చేయించేవి చాలావరకు ఈ అపోహలే.

అపోహ: నేను తయారుచేసింది కాబట్టి నాదే.

వాస్తవం: 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి తొలి హక్కుదారు యజమానే, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప. ఫ్రీలాన్సర్లకు చాలా సందర్భాల్లో, రాతపూర్వకంగా బదలాయించేదాకా హక్కు ఉంటుంది. అయినా కాపీరైట్ వేరు, గోప్యత వేరు. క్లయింట్ అమ్మకాలపై మీరు రాసిన నివేదికలో వాక్యాలు మీవైనా లెక్కలు వారివే.

అపోహ: ఉద్యోగం మానేశాక ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) వర్తించదు. సంతకమే చేయకపోతే అసలు చిక్కే లేదు.

వాస్తవం: మానేశాక పోటీ కంపెనీలో చేరవద్దనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. గోప్యత షరతుకూ అదే వర్తిస్తుందనుకోవడం పొరపాటు. సంతకం లేకపోయినా, నమ్మకంతో అప్పగించిన సమాచారాన్ని కాపాడే బాధ్యతను కోర్టులు గుర్తిస్తాయి. గోప్యంగా ఉంచమని ఇచ్చిన డ్రాయింగులను వాడుకుని పశుగ్రాసం పెంచే యంత్రాన్ని తయారుచేసిన కంపెనీని ఢిల్లీ హైకోర్టు 1987లో అడ్డుకుంది. చార్టర్డ్ అకౌంటెంట్లకైతే క్లయింట్ సమ్మతి లేకుండా అతని సమాచారం బయటపెట్టడం 1949 నాటి చట్టం ప్రకారమే వృత్తిపరమైన దుష్ప్రవర్తన.

అపోహ: పేరు తీసేస్తే ఎవరిదో తెలియదు.

వాస్తవం: 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ సుమారు 6.5 లక్షల మంది ఇంటర్నెట్‌లో వెతికిన మాటలను, పేర్ల బదులు అంకెలు పెట్టి విడుదల చేసింది. 4417749 అనే అంకె వెనక ఉన్నది జార్జియా రాష్ట్రంలోని ఫలానా మహిళ అని న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజుల్లోనే కనిపెట్టారు. ఆమె వెతికిన ఊరిపేర్లు, ఇంటిపేర్లే ఆమెను పట్టిచ్చాయి. అలాగే “హైదరాబాద్‌లోని ఒక పెద్ద వ్యాక్సిన్ కంపెనీ” అని రాస్తే, ఆ రంగంలో ఉన్నవారికి పేరు చెప్పనక్కరలేదు.

అపోహ: రహస్య భాగాలపై నల్లరంగు పూస్తే చాలు.

వాస్తవం: 2019 జనవరిలో అమెరికాలో రాజకీయ సలహాదారు పాల్ మానఫర్ట్ న్యాయవాదులు కోర్టుకు ఇచ్చిన పత్రంలో నల్లగా కప్పిన భాగాలను కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే అక్షరాలన్నీ బయటపడ్డాయి. ఎక్సెల్‌లో దాచిన షీట్లు, వర్డ్‌లో పాత మార్పులు, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో చెరిపేసిన పాస్‌వర్డ్‌లు కూడా ఇలాగే వెలికివస్తాయి.

అపోహ: ఒక్కరికే చూపిస్తున్నాను, ఫరవాలేదు.

వాస్తవం: ఒక్కరికి చూపినా వెల్లడించినట్టే. పైగా ఉద్యోగాలు మారేది ఎక్కువగా ఒకే రంగంలో కాబట్టి, ఆ ఒక్కరు మీ క్లయింట్‌కు పోటీదారే కావచ్చు. ఒప్పందం కింద సేవలందిస్తూ తెలుసుకున్న వ్యక్తిగత సమాచారాన్ని, నష్టం కలుగుతుందని తెలిసీ అనుమతి లేకుండా బయటపెడితే ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.

అపోహ: అసలు పని చూపకపోతే ఉద్యోగం రాదు.

వాస్తవం: దారులు చాలా ఉన్నాయి. ఇప్పటికే ప్రజల ముందుకు వచ్చిన వెబ్‌సైటు, ప్రకటన, పుస్తకం వంటివి ఉంటే, వాటిలో మీ పాత్ర చెప్పుకోవడానికి ఒప్పందం అడ్డురాదని నిర్ధారించుకుని లింకు ఇవ్వండి. మిగతావాటికి క్లయింట్‌నూ, పనిచేసిన కంపెనీనీ ఈమెయిల్‌లో అడగండి. ఏ భాగం, ఎవరికి చూపుతారో స్పష్టంగా రాయండి. అనుమతి రాకపోతే అదే నైపుణ్యం కనిపించేలా కల్పిత కంపెనీకి, కల్పిత అంకెలతో కొత్త నమూనా తయారుచేయండి. పాత ఫైలులో పేర్లు మార్చడం సరిపోదు, ఖాళీ పేజీ నుంచి మొదలుపెట్టాలి. అనువాదకులు అందరికీ అందుబాటులో ఉన్న ప్రభుత్వ ప్రకటనను అనువదించి చూపవచ్చు. సమస్య ఎలాంటిదో, మీరెలా ఆలోచించారో గుట్టు చెప్పకుండానే మాటల్లో వివరించవచ్చు.

ఈసారి ఎవరైనా నమూనా అడిగితే, “అది క్లయింట్ సమాచారం, చూపలేను. దాని బదులు ఇది చూడండి” అని ధైర్యంగా చెప్పండి. రేపు తమ రహస్యాలను మీ చేతిలో పెట్టబోయేవారు ఆ మాటకు విలువ ఇవ్వాలి. ఇవ్వనివారి దగ్గర మీ పనికీ గౌరవం దక్కదు.