ఆన్‌లైన్ చదువు: పాఠము ఎవరికి అందుచున్నది?

పాఠశాల చదువు ముగించిన మన పిల్లల యెదుట నేడు నిలిచియున్న విద్యాసాధనములలో విశ్వవిద్యాలయముల ఆన్‌లైన్ వేదిక ముఖ్యమైనది. పాఠము తెరమీద కనిపించును. వ్రాతపని అచ్చటనే ఇయ్యబడును. గడువులు, మార్కులు, ప్రకటనలు అన్నియు అచ్చటనే యుండును. ఇట్టి వేదికలను ఎప్పటికప్పుడు బాగుచేయుచుండవలసినదే. అయితే ఆ బాగుచేయుట ఎవరి కష్టమును చూచి జరుగవలెను? మన వంటి యిండ్ల పిల్లల కష్టము ఆ లెక్కలోనికి వచ్చుటెట్లు? ఈ విషయమును తలిదండ్రులకు తెలియజేయుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇంటనుండి చదువుకొను విద్య క్రొత్తది కాదు. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. మన దేశమున అట్టివానిలో అదియే మొదటిది. 1991 నుండి అది డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర వ్యవహరింపబడుచున్నది. తెలుగు మాధ్యమమున చదువుకొను అవకాశము నిచ్చి, ఉద్యోగులకును గృహిణులకును అది పట్టభద్రత దక్కించినది. మన చెన్నపట్టణమున మద్రాసు విశ్వవిద్యాలయము 1981లోనే దూరవిద్యను ఆరంభించెను. 2003లో ఏడు ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థయు కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పాఠ్యప్రణాళికను ప్రారంభించినవి. 2020లో మద్రాసు ఐ.ఐ.టి. దత్తాంశ శాస్త్రమున ఆన్‌లైన్ పట్టమును ప్రకటించెను. జె.ఇ.ఇ. వ్రాయనివారును నాలుగు వారముల పాఠములు చదివి, అర్హతాపరీక్షలో నెగ్గి, అందు చేరవచ్చును.

తలుపు తెరువబడినదనుటలో సందేహము లేదు. కాని తలుపు తెరచియుండుట వేరు, గడప దాటుట వేరు.

సౌకార్‌పేటలో పెరుగు తెలుగు బిడ్డకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, అంగళ్లలో హిందీ, మార్వాడీ, గుజరాతీ వినవచ్చుచుండును. ఇన్ని భాషల నడుమ మెలగుట వాని బలమే. అయినను ఉన్నతవిద్యా వేదికలలో తెరమీది సూచనలు చాలవరకు ఆంగ్లముననే యుండును. ఒక ఉదాహరణము ఊహింతము. విద్యార్థి రాత్రి పదిగంటలకు, తండ్రి అంగడినుండి వచ్చిన పిమ్మట, ఆయన ఫోను తీసికొని వ్రాతపని పూర్తిచేసెను. 'సేవ్' అను బొత్తామును నొక్కి, పని అయినదని నిద్రించెను. 'సబ్మిట్' అను రెండవ బొత్తాము తెర అడుగున కనబడక యున్నది. మరునాడు లెక్కలో 'సమర్పింపలేదు' అని పడెను. గురువు సోమరి అనుకొనును. తండ్రియు అట్లే తలచును. కొన్నాళ్లకు బిడ్డయు తనకు చదువు రాదని నమ్మి మానివేయును. ఇందు లోపము బిడ్డది కాదు, బొత్తాముది.

ఇట్టి లోపములను వెదకి పట్టుకొను శాస్త్రీయ పద్ధతికే 'వాడుకరుల పరిశీలన' అని పేరు. వాడువారు పనిని ఎట్లు చేయుచున్నారో, ఎచ్చట తడబడుచున్నారో చూచి, ఆ పిమ్మట వేదికను దిద్దుట దీని ఉద్దేశము. ఇది విద్యార్థికి పెట్టు పరీక్ష కాదు. వేదికకు పెట్టు పరీక్ష. దీనికి ముందుగా ఒక ప్రణాళిక అవసరము. అందలి ముఖ్యాంశములు ఇవి.

మొదటిది, ప్రశ్నను నిర్ణయించుట. "మా వేదిక బాగున్నదా?" అని అడిగినచో మర్యాదకు "బాగున్నది" అనియే అందురు. "మొదటి వారపు వ్రాతపనిని సమర్పించుటలో విద్యార్థి ఎచ్చట ఆగుచున్నాడు?" అనునది పనికివచ్చు ప్రశ్న. దానికి దొరకు జవాబును బట్టి ఏదో ఒకటి మార్చుటకు వీలుండవలెను.

రెండవది, ఎవరిని చూడవలెనో నిర్ణయించుట. ఇదియే అన్నింటికన్న ముఖ్యము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అబ్రహాం వాల్డ్ అను గణితజ్ఞుడు తిరిగివచ్చిన యుద్ధవిమానముల దెబ్బలను బట్టి, తిరిగిరాని విమానముల స్థితిని అంచనావేయు పద్ధతిని 1943లో రూపొందించెను. తిరిగివచ్చినవానిపై దెబ్బలు కనబడని చోటనే అసలు ప్రమాదము దాగియుండవచ్చునని దాని సారము. ఈ మహనీయుడు 1950లో మన దేశమునకు ఉపన్యాసములకై వచ్చి నీలగిరులలో విమానప్రమాదమున మరణించుట విచారకరము. విద్యకును ఇదే న్యాయము వర్తించును. చదువు కొనసాగించుచున్నవారినే అడిగినచో, మానివేసినవారి కష్టము ఎన్నటికిని తెలియదు. కావున మధ్యలో మానినవారిని, ఒకే ఫోనుతో నెట్టుకొని వచ్చువారిని, మాతృభాషా మాధ్యమమున చదివి వచ్చినవారిని ప్రత్యేకముగా వెదకి పిలువవలెను. బ్రిటన్‌లోని సార్వత్రిక విశ్వవిద్యాలయము 1971లో మొదటి విద్యార్థులను చేర్చుకొనినపుడే, నయోమీ మెకింటాష్ అను విదుషి నాయకత్వమున విద్యార్థుల స్థితిగతులను పరిశీలించు శాఖ అచ్చట పనిచేయుచుండెను. విశ్వవిద్యాలయముతో పాటే పరిశీలనయు పుట్టినదన్నమాట.

మూడవది, పద్ధతి. వేదికలో దాఖలైన లెక్కలు ఎంతమంది ఎచ్చట ఆగిరో చెప్పును. ఎందుకు ఆగిరో చెప్పవు. కారణము తెలియవలెనన్న, విద్యార్థి ప్రక్కన కూర్చుండి, వాడు పని చేయుచుండగా మౌనముగా చూడవలెను. పిమ్మట వాని మాతృభాషలో మాటలాడవలెను. రాని భాషలో ప్రశ్నించినచో తలయూపుటయే జవాబగును. దీనికి వేలమంది అక్కరలేదు. ఒక్కొక్కరు సగటున నూటికి 31 లోపములను బయటపెట్టుదురనియు, ఐదుగురిని చూచినచో సుమారు 85 బయటపడుననియు జేకబ్ నీల్సన్ అను నిపుణుడు లెక్కగట్టెను. అయితే ఆ ఐదుగురును ఒకే విధమైనవారైనచో ఆ విధపు లోపములే తెలియును. కావున ప్రతి వర్గమునుండియు కొందరు ఉండవలెను.

నాలుగవది, చోటును వేళయు. విశ్వవిద్యాలయపు పెద్ద తెరమీద, వేగమైన ఇంటర్నెట్టుతో చూచినది ఇరుకైన యింటిలోని చిన్న ఫోనుకు వర్తింపదు. విద్యార్థి నిజముగా చదువుకొను చోటనే, చదువుకొను వేళనే చూడవలెను. పరీక్షల వారమున పిలువరాదు.

ఐదవది, నమ్మకము. చెప్పిన మాట మార్కులను తగ్గింపదని విద్యార్థికి స్పష్టముగా తెలుపవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల వివరములను వాడుకొనుటకు తలిదండ్రుల అనుమతి కావలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము విధించుచున్నది. ఏ వివరము, దేనికొరకు తీసికొనుచున్నారో అడుగుట మన హక్కు. పరిశీలన ముగిసిన పిమ్మట ఏమి మార్చిరో పాల్గొనినవారికి తెలుపుట వారి విధి.

ఇందు తలిదండ్రులు చేయదగినది కొంత కలదు. బిడ్డ ఆన్‌లైన్ చదువులో వెనుకబడినచో, మందలించుటకు ముందు "ఎచ్చట ఆగితివి? చూపించుము" అని అడుగుడు. ఆంగ్లము రాని తల్లియైనను ఈ ప్రశ్న అడుగగలదు. ఆగిన తేదీని, నొక్కిన బొత్తామును, తెరమీద కనబడిన మాటను ఒక కాగితముపై వ్రాయించి, వేదికవారి సహాయవిభాగమునకు పంపించుడు. "పనిచేయుటలేదు" అను ఫిర్యాదుకన్న ఇట్టి వివరమునకు విలువ ఎక్కువ. పరిశీలకులు పిలిచినపుడు బిడ్డను పంపుడు. బిడ్డకు బదులుగా మీరు జవాబు చెప్పకుడు. వాని తడబాటును దాచకుడు. ఆ తడబాటే వారికి కావలసినది.

మన పాఠశాలలోనే పై తరగతులవారిలో ఐదారుగురిని కూర్చుండబెట్టి, ఒక ఉచిత పాఠమును తెరపించి, ఎచ్చట ఆగుదురో ఉపాధ్యాయులు వ్రాసికొనవచ్చును. ఖర్చు లేని పని. ఆ కాగితమును విశ్వవిద్యాలయమునకు పంపినచో, ఈ నగరమున తెలుగు చదివిన పిల్లలును తమ విద్యార్థులే యని వారికి గుర్తుండును.

అల్పసంఖ్యాకుల కష్టము సగటు లెక్కలలో కనబడదు. నూరుగురిలో తొంబదిమందికి సులభమైనచో వేదిక బాగున్నదనియే తేలును. మిగిలిన పదిమందిలో మన పిల్లలుండవచ్చును. కనుక ఎవరో వచ్చి అడుగువరకు వేచియుండక, మన పిల్లల అనుభవమును మనమే తెలుపుట అవసరమని మేము తలచుచున్నాము.